తామర మీద స్టిరాయిడ్: ట్యూబు కొనే ముందు, మానేసేటప్పుడు

సంపాదకులకు,

మీ ఆరోగ్యం పేజీకి వచ్చే ప్రశ్నల్లో ఒకటి ఏడాది పొడుగునా ఆగదు. తామరకు ఏ ఆయింట్‌మెంట్ రాసినా నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి, మానగానే అంతకు రెట్టింపు వస్తోంది, ఏం చేయాలి అని. పొడి బట్టలు వేసుకోమనీ, శుభ్రంగా ఉండమనీ, చర్మవ్యాధి నిపుణుణ్ణి కలవమనీ జవాబులు వస్తుంటాయి. అన్నీ సరైన మాటలే. ముందుగా అడగాల్సింది మాత్రం ఎవరూ అడగడం లేదు: ఇన్నాళ్ళూ రాసిన ఆ ట్యూబులో ఏముంది? మొండికేసిన తామరల్లో చాలావాటి వెనక స్టిరాయిడ్ కలిసిన పూత మందు ఉంటుంది. అది ఎలా గుర్తుపట్టాలో, ఎలా మానాలో కాస్త వివరంగా రాస్తున్నాం.

మందుల షాపులో 'తామరకు ఏదైనా ఇవ్వండి' అంటే కౌంటరు మీదికి ఎక్కువగా వచ్చేది మూడు నాలుగు మందులు కలిపిన క్రీము. ఫంగస్ కోసం మైకొనజోల్, క్లోట్రిమజోల్, టెర్బినఫిన్‌లలో ఒకటి ఉంటుంది. బ్యాక్టీరియా కోసం జెంటామైసిన్, నియోమైసిన్ లేదా ఆఫ్లాక్సాసిన్. కొన్నిట్లో ఆర్నిడజోల్ కూడా కలుపుతారు. అమీబా విరేచనాలకు మింగించే మందుకు తామరతో ఏం పనో ఆ క్రీము తయారు చేసినవాళ్ళే చెప్పాలి. వీటన్నిటి పక్కన 0.05 శాతం క్లోబెటసాల్. అంకె చూస్తే చిన్నదే. కానీ పూత స్టిరాయిడ్లలో అన్నిటికన్నా బలమైన తరగతి మందు అది. సోరియాసిస్‌లో మందంగా కట్టే పొలుసులకో, అరచేతుల మీద మానని ఎగ్జిమాకో వైద్యుడు వారాలు లెక్కపెట్టి రాయాల్సిన మందు.

తామర మీద అది చేసేది ఇది. రక్తనాళాలను కుంచింపజేస్తుంది కాబట్టి ఎరుపు పోతుంది. దురద పుట్టించే వాపును అణచేస్తుంది కాబట్టి రెండో రోజుకే గోకుడు ఆగుతుంది. మందు పనిచేసిందని మనిషికి గురి కుదురుతుంది. ఫంగస్‌ను ఎదిరించే శక్తి కూడా ఆ చోట అప్పుడే సన్నగిల్లుతుంది, ఆ సంగతి పైకి కనిపించదు. క్రీములో ఉన్న మైకొనజోల్‌కు పని పూర్తి కావాలంటే వారాలు పడుతుంది. దురద మూడు రోజుల్లోనే పోయింది గనుక ట్యూబు అయిదో రోజుకే మూలకు చేరుతుంది. ఫంగస్ చావదు. స్టిరాయిడ్ ప్రభావం దిగిపోగానే దురద తిరిగొస్తుంది, ఈసారి మచ్చ వెడల్పుగా ఉంటుంది, మళ్ళీ అదే ట్యూబు.

ఇలా నాలుగైదు విడతలు జరిగాక తామర రూపమే మారిపోతుంది. ఉంగరంలా ఉండే అంచు చెదిరిపోతుంది, లేదా ఒక వలయం లోపల ఇంకో వలయం లేస్తుంది. మధ్యలో సెగ్గడ్డల్లాంటి చిన్న పొక్కులు వస్తాయి. దీన్ని ఎగ్జిమా అనుకొని ఇంకా ఘాటు స్టిరాయిడ్ రాసేవాళ్ళూ ఉన్నారు. అనుమానం తీర్చే పరీక్ష ఖరీదైనది కాదు. మచ్చ అంచు నుంచి పొట్టు గీకి, గాజు పలక మీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కొద్దిసేపు ఆగి సూక్ష్మదర్శినిలో చూస్తే కొమ్మలు కొమ్మలుగా ఫంగస్ దారాలు కనిపిస్తాయి. పరీక్షకు వెళ్ళే రోజు ఉదయం ఆ చోట ఏమీ రాసుకోకూడదు.

ఇక ట్యూబు చదవడం. బ్రాండు పేరు పెద్ద అక్షరాల్లోనూ మందుల పేర్లు చీమతలకాయంత అక్షరాల్లోనూ ఉంటాయి. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. క్లోబెటసాల్, హాలోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, డెక్సామెథసోన్, మొమెటసోన్, ఫ్లుటికసోన్, ఫ్లూఓసినోలోన్, ట్రయామ్‌సినోలోన్, డెసోనైడ్, హైడ్రోకార్టిసోన్: వీటిలో ఏది ఉన్నా అది స్టిరాయిడే. పేరు చివర 'సోన్' వస్తే చాలావరకు అనుమానించవచ్చు. అన్నిటికన్నా మోసపోయేది తోకల దగ్గర. తామరకు నిక్షేపంలాంటి ఒక క్రీము ఉంటుంది, అదే బ్రాండు వెనక 'బి' అనో 'జీఎం' అనో 'ప్లస్' అనో తగిలిస్తే లోపల మందు మారిపోతుంది. 'బి' అంటే చాలాసార్లు బీటామెథసోన్ లేదా బెక్లోమెథసోన్ కలిసిందని. పక్కింటివాళ్ళకు తగ్గిందని ఖాళీ ట్యూబు పట్టుకొని షాపుకు వెళ్ళేవాళ్ళు ఈ తోక చూడరు.

ఒంట్లో అన్ని చోట్లా చర్మం ఒకేలా మందును పీల్చుకోదు. ముంజేతి చర్మం పీల్చుకునేదాన్ని ఒకటి అనుకుంటే నుదురు దానికి ఆరు రెట్లు, వృషణాల మీది చర్మం నలభై రెట్లకు పైగా హైడ్రోకార్టిసోన్‌ను పీల్చుకుంటాయని 1967లోనే కొలిచి చెప్పారు. మన దగ్గర తామర ఎక్కువగా వచ్చేది గజ్జల్లో, చంకల్లో, నడుము చుట్టూ, రొమ్ముల కింద. అన్నీ మడతలే, చెమటపట్టి ఊపిరాడని చోట్లే. మడతలో రాసిన మందు కట్టు కట్టినట్టే లోపలికి దిగుతుంది. కొన్ని వారాల్లోనే తొడల లోపలి వైపు, చంకల్లో ఊదారంగు చారలు పడతాయి. కాలేజీ వయసు పిల్లల్లో ఇవి మరీ త్వరగా వస్తాయి. కాలం గడిచేకొద్దీ తెల్లబడతాయి తప్ప పూర్తిగా పోవు. వాటిని పోగొడతామని అమ్మే నూనెల మీద డబ్బు తగలేయొద్దు.

ఇంకో చిక్కు ఉంది. దశాబ్దం కిందటి వరకు మామూలు మోతాదు టెర్బినఫిన్‌కు లొంగిన తామర ఇప్పుడు లొంగడం లేదు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు పెట్టిన ఫంగస్ మన దేశంలో బాగా పాకింది. టెర్బినఫిన్ దెబ్బతీసే ఎంజైమ్ జన్యువులోనే అది మార్పు తెచ్చుకుంది. 2023లో అమెరికాలోనూ దాన్ని గుర్తించారు. ఇష్టారాజ్యంగా వాడిన స్టిరాయిడ్ కలయికలు దీని వ్యాప్తికి దోహదం చేశాయని చర్మవైద్యుల్లో చాలామంది అభిప్రాయం, మాదీ అదే.

సరే, ఇన్నాళ్ళూ అలాంటి ట్యూబు వాడినవాళ్ళు ఇప్పుడేం చేయాలి? ఒంటి మీద తామరకైతే స్టిరాయిడ్ ఆ రోజే ఆపేయాలి. ఆపిన మూడో రోజు నుంచి వారం దాకా దురద, ఎరుపు ఎగదన్నుతాయి. కొత్త మందు పడలేదని ఎక్కువమంది వెనక్కి తిరిగేది సరిగ్గా ఇక్కడే. అది కొత్త మందు తప్పు కాదు, అణిగి ఉన్న వాపు పైకి రావడం. ఆ పది రోజులు దాటించడానికి రాత్రిపూట సెట్రిజిన్ 10 మిల్లీగ్రాముల మాత్రలాంటిది, తడిగుడ్డ చల్లదనం, వాసనలేని మామూలు మాయిశ్చరైజర్ చాలు. సెట్రిజిన్‌తో మత్తు వస్తుంది, బండి నడిపేవాళ్ళు జాగ్రత్త.

ఫంగస్ మందు ఒక్కటే ఉన్న క్రీము తీసుకోవాలి. క్లోట్రిమజోల్ అయితే రోజుకు రెండుసార్లు, లులికొనజోల్ అయితే ఒకసారి. స్నానం చేసి, మడతలు పూర్తిగా ఆరాక, మచ్చ అంచుకు రెండు సెంటీమీటర్ల బయట మొదలుపెట్టి లోపలికి రాయాలి. ఫంగస్ పాకేది అంచు దగ్గరే, మనవాళ్ళు రాసేది మధ్యలో. చర్మం మామూలుగా కనిపించాక కూడా కనీసం రెండు వారాలు కొనసాగించాలి. మొత్తం మీద నాలుగు నుంచి ఆరు వారాలు, స్టిరాయిడ్ వాడి చెడగొట్టుకున్న తామరకు అంతకన్నా ఎక్కువే పడుతుంది. నల్లటి మచ్చ మిగలడం వేరు, జబ్బు మిగలడం వేరు. పొట్టు, గరుకు, దురద లేని నలుపుకు ఫంగస్ మందు అక్కర్లేదు, నెలల మీద అదే తగ్గుతుంది.

రెండు మూడు చోట్లకు మించి పాకితే, లేదా స్టిరాయిడ్ చాలాకాలం రాసి ఉంటే, పూత ఒక్కటే సరిపోదు. మాత్రలు కావాలి, అవి వైద్యుడు రాయాలి. ఎక్కువగా రాసేది ఇట్రాకొనజోల్. ఈ క్యాప్సూల్ కడుపులో ఆమ్లం ఉంటేనే కరుగుతుంది కాబట్టి కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి. చీటీలో అలవాటుగా పడే 'గ్యాస్ మాత్ర', అంటే పాంటోప్రజోల్ లాంటిది, పరగడుపున వేసుకుంటే ఇట్రాకొనజోల్ సగానికి సగం వృథా కావచ్చు. మందు పనిచేయలేదని మోతాదు పెంచే ముందు ఈ ఒక్క ప్రశ్న అడిగితే చాలాసార్లు గుట్టు తెలుస్తుంది. గుండె బలహీనత ఉన్నవాళ్ళకు ఇది పనికిరాదు. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వాడేవాళ్ళు ముందే చెప్పాలి. గర్భిణులు ఫంగస్ మాత్రలు సొంతంగా వేసుకోకూడదు.

ఇంట్లో ఒక్కరికే వైద్యం చేస్తే తామర తిరిగొస్తుంది. ఒకే తువ్వాలు, ఒకే దుప్పటి, ఒకే బకెట్‌లో నానేసిన లోదుస్తులు ఉన్నచోట దురద ఉన్న ప్రతి ఒక్కరికీ ఒకేసారి మొదలుపెట్టాలి. బట్టలు వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, లోదుస్తుల కుట్ల దగ్గర, నడుము పట్టీ దగ్గర ఇస్త్రీ చేయాలి. బిగుతు జీన్సు, లెగ్గింగ్స్ కొన్నాళ్ళు పక్కన పెట్టాలి. మొలతాడు సంగతి చాలామంది అడగరు, చాలామంది వైద్యులు చూడరు. ఏడాదులుగా తడిసి ఆరుతూ ఉండే ఆ నూలు పోగుల్లో, తాయెత్తు దారంలో ఫంగస్ కాపురం ఉంటుంది. నమ్మకాన్ని వదలమనడం లేదు. వైద్యం జరిగినన్నాళ్ళు తీసేసి, తర్వాత కొత్తది కట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

క్రీము రాసిన కొద్దీ ఎర్రబడి, రసికారి, మంట ఎక్కువైతే మాత్రం వేరే అనుమానం పెట్టుకోవాలి. నియోమైసిన్ చర్మానికి అలర్జీ తెచ్చే మందుల్లో పేరుమోసింది. అప్పుడు అన్ని పూతలూ ఆపేసి వైద్యుడికి చూపించాలి.

ముఖం సంగతి వేరు, అక్కడ మానడం అంత సులువు కాదు. మంగు మచ్చల కోసం 2 శాతం హైడ్రోక్వినోన్, 0.025 శాతం ట్రెటినోయిన్, 0.1 శాతం మొమెటసోన్ కలిపిన క్రీము ఉంది. రాత్రిపూట, కొద్ది వారాలు, పగలు సన్‌స్క్రీన్ రాసుకుంటూ, మంగు ఉన్నచోట మాత్రమే వాడాల్సింది. అది తెల్లబడే క్రీముగా మారి, పెళ్ళి కుదిరిన ఇంట్లో ముఖమంతా, నెలల తరబడి పులమడం జరుగుతోంది. కొన్ని బ్యూటీ పార్లర్లలో బీటామెథసోన్ ట్యూబును ఫెయిర్‌నెస్ క్రీముతో కలిపి పేరులేని డబ్బాలో ఇస్తారు. మొదటి నెల ముఖం నున్నగా మెరుస్తుంది. తర్వాత ఎండకూ పొయ్యి సెగకూ ముఖం ఎర్రగా మండటం, బుగ్గల మీద సన్నటి రక్తనాళాలు తేలడం, ఒకే సైజు మొటిమలు, నోటి చుట్టూ పొక్కులు, ఆడపిల్లలకు గడ్డం దగ్గర నూగు. రాసినంతసేపు బాగుండి ఒక్కరోజు మానితే మండుతుంది, కాబట్టి మానరు. కళ్ళ చుట్టూ ఏళ్ళ తరబడి రాస్తే కంట్లో ఒత్తిడి పెరగవచ్చు, శుక్లాలు రావచ్చు.

కొద్ది వారాలే వాడినవాళ్ళు ఒక్కసారిగా మానేయవచ్చు. నెలలు, ఏళ్ళు వాడినవాళ్ళను వైద్యులు మెట్టు మెట్టుగా దించుతారు: ఘాటు మందు నుంచి 1 శాతం హైడ్రోకార్టిసోన్‌కో డెసోనైడ్‌కో, తర్వాత రోజు మార్చి రోజు, ఆ తర్వాత స్టిరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్. పొక్కులు ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్ మాత్రలు ఇస్తారు. గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు అది మామూలుగా ఇవ్వరు. మానిన కొద్ది రోజుల్లో మొదలయ్యే మంట కొన్ని వారాలు ఉంటుంది, ఏళ్ళ తరబడి రాసినవాళ్ళకు నెలలు పట్టవచ్చు. అది తగ్గేదే అని ముందే తెలిసినవాళ్ళు నిలబడతారు, చెప్పకపోతే వారంలో పాత ట్యూబు దగ్గరికి పోతారు. అందుకని రోగికి మొదటి రోజే చెప్పడం వైద్యుడి బాధ్యత. ఈ కాలంలో చల్లటి నీళ్ళలో పిండిన గుడ్డ పది నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు వేయడం, వాసనలేని మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, అంతే. నిమ్మరసం, శనగపిండి, పసుపు, బ్లీచ్, ఫేషియల్, స్క్రబ్ ఏవీ వద్దు. పలచబడిన చర్మానికి ఇంటి వైద్యం కూడా వాతే.

మింగే స్టిరాయిడ్లకు పై మాటలు వర్తించవు. కీళ్ళవాతానికో ఆయాసానికో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ మూడు వారాలకు మించి వాడుతున్నవాళ్ళకు ఛాతీ మీద, వీపు మీద ఒకేలాంటి మొటిమలు రావచ్చు, చర్మం తగిలితే కమిలిపోవచ్చు, తామర విజృంభించవచ్చు. దానికి భయపడి మాత్ర హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. శరీరం సొంత స్టిరాయిడ్ తయారీని ఆపుకొని ఉంటుంది, మళ్ళీ మొదలుపెట్టడానికి దానికి వ్యవధి కావాలి. నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మోతాదు తగ్గించాల్సింది ఆ మందు రాసిన వైద్యుడే. దురదకని ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్ళు అదేమిటో రాసి ఇమ్మని అడగాలి. కీళ్ళనొప్పుల చూర్ణాల్లో స్టిరాయిడ్ కలిపినట్టు పరీక్షల్లో తేలిన సందర్భాలు కూడా ఉన్నాయి.

పసిపిల్లల పిరుదుల దగ్గర ఎర్రబడితే పెద్దవాళ్ళ ట్యూబు రాయడం అన్నిటికన్నా ప్రమాదకరం. డైపర్ ప్లాస్టిక్ మందును లోపలికి నెడుతుంది, పిల్లల బరువుకు చర్మం విస్తీర్ణం ఎక్కువ. నెలల తరబడి క్లోబెటసాల్ పూసిన శిశువుల ముఖం ఉబ్బి ఎదుగుదల ఆగిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. గాలి తగలనివ్వడం, జింక్ ఆక్సైడ్ పూత, మడతల్లో కూడా ఎరుపు ఉంటే వైద్యుణ్ణి అడిగి క్లోట్రిమజోల్. అంతకు మించి సాధారణంగా అవసరం రాదు.

ఇదంతా చదివి స్టిరాయిడ్ అంటేనే విషం అనుకోవద్దు. ఎగ్జిమాతో రాత్రంతా గోక్కునే పిల్లకు భయంతో మందు రాయకపోవడమూ తప్పే. సరైన జబ్బుకు, సరైన చోట, కొలిచి రాస్తే అది మంచి మందు. కొలత సులువు: పెద్దవాళ్ళ చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము. అది వేళ్ళతో కలిపి రెండు అరచేతులంత వైశాల్యానికి సరిపోతుంది. ఒక చేయి మొత్తానికి మూడు, ఒక కాలికి ఆరు అలాంటి కొలతలు. క్లోబెటసాల్ పెద్దవాళ్ళకైనా వారానికి 50 గ్రాములు, వరసగా రెండు వారాలు దాటకూడదు.

2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 పూత స్టిరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంతకు ముందు పూత మందులకు ఉన్న మినహాయింపు వాటికి పోయింది. వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో 328 మందుల కలయికలను నిషేధిస్తే వాటిలో ఇలాంటి చర్మపు క్రీములూ ఉన్నాయి. అయినా జాబితాలో లేని కలయికలు కౌంటరు మీద చీటీ లేకుండా దొరుకుతూనే ఉన్నాయి. ఔషధ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టర్లు మత్తు మాత్రల రిజిస్టరు చూసినట్టే ఈ ట్యూబుల బిల్లులూ చూడాలి. షాపులవాళ్ళకు మా విన్నపం ఒక్కటే: చీటీ లేనివాళ్ళకు ఏదో ఒకటి ఇవ్వక తప్పదనిపిస్తే ఒట్టి క్లోట్రిమజోల్ ఇవ్వండి. ధర కూడా తక్కువే. దానితో తామర తగ్గకపోవచ్చు గానీ చర్మం చెడదు.

మందు వల్ల చర్మం దెబ్బతిన్నవాళ్ళు ఫిర్యాదు చేయడానికి దారి ఉంది. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024. రోగే స్వయంగా చెప్పవచ్చు, వైద్యుడి చీటీ ఉండాలన్న నిబంధన లేదు. ట్యూబు పారేయకుండా బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎన్నాళ్ళు ఎక్కడ రాశారో దగ్గర పెట్టుకొని పనిదినాల్లో ఫోన్ చేయాలి. బోధనాసుపత్రుల్లో ఫార్మకాలజీ విభాగం దగ్గర కూడా ఈ ఫారాలు దొరుకుతాయి.

ఇట్లు,
కొందరు చర్మవ్యాధి వైద్యులు,
రాజమహేంద్రవరం